హాలే తెలుగు పుస్తకాలు: సేకరణకు మించిన అవసరం

మద్రాసులో మతప్రచారం చేసి 1743లో స్వదేశం చేరిన బెంజమిన్ షుల్జ్, 1746–47లో జర్మనీలోని హాలేలో తెలుగు క్రైస్తవ గ్రంథాలను అచ్చువేయించాడు. సేకర్తలకు అవి అరుదైన ప్రతులు. సాహిత్య చరిత్రకారులకు ‘తొలి ముద్రణ’ అనే ఒక్క వాక్యం. వాటి వచనాన్ని పరిశీలించినవారు తక్కువ.

‘మోక్షానికి కొంచుపొయ్యే దోవ’ అన్న శీర్షికనే చూడవచ్చు. గ్రాంథికం కోరే ‘పోయెడు’ స్థానంలో ‘పొయ్యే’, ‘త్రోవ’కు బదులు ‘దోవ’. చిన్నయసూరి ‘బాలవ్యాకరణం’ కంటే శతాబ్దం ముందే వాడుకరూపం అచ్చుకెక్కింది. విదేశీయుని తెలుగు తప్పులతడక అని తోసిపుచ్చడం తొందరపాటు. ఏది షుల్జ్ పొరపాటు, ఏది నాటి మద్రాసు పలుకుబడి అన్నది శీర్షికలతో తేలదు. సవివరమైన పాఠపరిష్కరణే అందుకు ఆధారం. ముఖపత్రాల ఛాయాచిత్రాలు చాలవు.