సంఘం మాటను నమోదు చేసే చేయి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు పల్లెల్లోని మహిళా సంఘాలకు ఇప్పుడు పుస్తకాలతో పాటు యాప్ కూడా ఉంది. జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ తెచ్చిన లోక్‌ఓఎస్‌లో హాజరు, పొదుపు, అప్పు, వాయిదా నమోదవుతాయి. కూడికల బాధ తప్పింది. ఇక సంఘం లెక్కలు రాసే గ్రామ సంఘ సహాయకురాలి (వీవోఏ) పనితనం ఏముందని అడిగేవారున్నారు. కానీ అప్పు ముందు నాట్ల ఖర్చున్నామెకా, ఆసుపత్రి ఖర్చున్నామెకా అన్నది యాప్ తేల్చదు, సభ్యులే తేల్చాలి. వెనక కూర్చున్నామె మాట కూడా విన్నాకే అంకె నొక్కడం వీవోఏ నేర్పు. సమావేశం జరపకుండానే వివరాలు నింపేయొచ్చు కదా అన్న అనుమానం సబబే. అందుకే, నమోదు చేసిన ప్రతి పద్దునూ అందరికీ చదివి వినిపించే వీవోఏ అంటే నాకు ఎంతో గౌరవం. ఆ శ్రమకు నిలకడైన జీతం ఇవ్వాలి.