తాకడం వేరు, ఆనడం వేరు

తెలుగులో తాకడం వేరు, ఆనడం వేరు. కాలు నేలను తాకినా బరువు ఇంకా ఆనకపోవచ్చు. 1993 సెప్టెంబర్ 14న పోలండ్ రాజధాని వార్సాలో దిగుతున్న ఎయిర్‌బస్ ఏ320 విమానం ఈ రెంటి మధ్య చిక్కుకుంది.

వానకు రన్‌వే తడిసి ఉంది. పక్కగాలి వీస్తోందన్న సమాచారంతో లుఫ్తాన్సా పైలట్లు కుడి రెక్కను కాస్త వంచి, వేగం పెంచి దించారు. తీరా గాలి వెనకనుంచి తోసింది. కుడి చక్రాలు ముందు తాకాయి, ఎడమవి 9 సెకన్ల తర్వాత. రెక్కలపై విమానాన్ని నేలకు అదిమి వేగం తగ్గించే పలకలు, అంటే స్పాయిలర్లు, లేవాలంటే రెండువైపులా ల్యాండింగ్ గేర్‌పై 6.3 టన్నుల చొప్పున బరువు పడాలి, లేదా చక్రాలు 72 నాట్ల వేగంతో తిరగాలి. ఇంజన్ల ఊపును ముందుకు మళ్లించి వేగం తగ్గించే రివర్స్ థ్రస్ట్‌కైతే బరువొక్కటే గుర్తు. నీటిపొరపై జారిన చక్రాలు తగినంతగా తిరగలేదు. బరువూ ఆనలేదు. నేలమీద దూసుకుపోతున్న విమానం కంప్యూటర్ లెక్కలో ఇంకా గాల్లోనే ఉంది. బ్రేకులు ఆలస్యంగా పట్టాయి. విమానం రన్‌వే దాటి మట్టిగట్టును గుద్దుకుంది. ఇద్దరు చనిపోయారు.

దర్యాప్తు నివేదిక సిబ్బంది నిర్ణయాలనూ, గాలి మార్పునూ కారణాల్లో చేర్చింది. ప్రోగ్రామ్ మాత్రం రాసిచ్చినట్టే నడిచింది. గుండె తరుక్కుపోయేది అక్కడే.

బ్రిటన్‌కు చెందిన మైకేల్ జాక్సన్ (గాయకుడు కాదు, కంప్యూటర్ శాస్త్రవేత్త) 'ఉంది' అనే వాక్యాలనూ 'ఉండాలి' అనే వాక్యాలనూ విడదీసి రాయమంటారు. "నేలమీదే స్పాయిలర్లు లేవాలి" అన్నది మన కోరిక. "నేలమీద పరుగెడితే చక్రాలు తిరుగుతాయి" అన్నది లోకం గురించిన మాట, దాన్ని ఏ ప్రోగ్రామూ నిజం చేయలేదు. ఆ మాట విడిగా కాగితంపై ఉంటే, "మరి వాన పడితే?" అని ఎవరో ఒకరు అడిగే వీలుంటుంది.

డెన్మార్క్ శాస్త్రవేత్త డీనెస్ బ్యోర్నర్ ఈ లోకం మాటలకే దశాబ్దాలు వెచ్చించారు. 1970ల్లో వియన్నాలోని ఐబీఎం ప్రయోగశాలలో సాఫ్ట్‌వేర్‌ను గణితభాషలో నిర్దేశించే వీడీఎం పద్ధతికి రూపమిచ్చినవారిలో ఆయనొకరు. 1992లో మకావ్‌లో ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయపు సాఫ్ట్‌వేర్ సంస్థకు తొలి డైరెక్టరయ్యారు. ఆయన రైలు పట్టాలను వర్ణించే తీరు చూడముచ్చటగా ఉంటుంది. మామూలు పట్టా ముక్కకు రెండు కొసలు, దారి మళ్లించే పాయింటుకు మూడు, క్రాసింగ్‌కు నాలుగు. ఈ క్షణాన ఏ కొసనుంచి ఏ కొసకు బండి పోగలదో, ఆ జతల సమితే ఆ ముక్క స్థితి. సమితి ఖాళీ అయితే దారి మూసినట్టు. కొసకు కొస కలుపుకుంటూ పోతే మార్గం, మార్గాలల్లుకుంటే స్టేషన్. ఇందులో కంప్యూటర్ ఊసే లేదు.

పట్టాలు గణితానికి లొంగుతాయి సరే, తుప్పు మాటేమిటి? ఆయన వర్ణనలో దానికీ చోటుంది. పాయింటును మార్చమని ఆజ్ఞ ఇస్తే అది మారవచ్చు, మారకుండా ఉండిపోవచ్చు, పూర్తిగా మొరాయించనూ వచ్చు. అందుకే నేరుదారి, మళ్లింపు దారి అన్న రెండు స్థితుల పక్కన 'చెడింది' అన్న మూడోదాన్ని గీశారు. ఒకదాన్నుంచి మరోదానికి వెళ్లే ప్రతి బాణం మీదా అది జరిగే సంభావ్యతను రాశారు.