విముక్తి స్మృతి - మారిషస్ స్మారకాలు: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
మారిషస్‌లో బానిసత్వ రద్దును ఫిబ్రవరి 1న, ఒప్పంద కూలీల రాకను నవంబర్ 2న వేర్వేరుగా స్మరిస్తారు. ఈ విభజన ఏ చారిత్రక సంబంధాలను మరుగుపరుస్తోందో లె మోర్న్, ఆప్రవాసీ ఘాట్ స్మారకాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: బానిసత్వ రద్దు, ఒప్పంద కూలీలు, స్మారకం, సామూహిక స్మృతి, మారిషస్ తెలుగువారు.

1. ఉపోద్ఘాతం:
బ్రిటిష్ పార్లమెంటు 1833లో చేసిన బానిసత్వ రద్దు చట్టం మారిషస్‌లో 1835 ఫిబ్రవరి 1న అమలులోకి వచ్చింది. యజమానులకు 20 లక్షల పౌండ్లకు పైగా పరిహారం లభించింది. బానిసలకు ఏ పరిహారమూ లేదు. పైగా 'అప్రెంటిస్' అనే పేరుతో పాత యజమానుల వద్దనే పనిచేయవలసి వచ్చింది. ఆ పద్ధతి 1839లో గాని అంతం కాలేదు. కనుక ఫిబ్రవరి 1 విముక్తిని ప్రకటించిన దినమే తప్ప విముక్తి సిద్ధించిన దినం కాదు.

2. లె మోర్న్ - ఐతిహ్యం చెప్పే సత్యం:
పారిపోయిన బానిసలకు ఆశ్రయమిచ్చిన లె మోర్న్ పర్వతం 2008లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. రద్దు వార్త చెప్పడానికి వస్తున్న బలగాన్ని చూసి, తమను పట్టుకోవడానికే వస్తున్నారని భావించి, అక్కడివారు కొండపై నుంచి దూకి మరణించారని ఐతిహ్యం. దీనిని అపార్థం వల్ల జరిగిన విషాదంగా చదవడం పరిపాటి. అయితే నిన్నటి వరకు వేటాడిన వ్యవస్థే నేడు స్వేచ్ఛను ప్రకటించింది. ఆ ప్రకటన వెనుక మరికొన్నేళ్ల నిర్బంధ శ్రమ ఉంది. ఆ దృష్టితో చూస్తే వారి భయం నిరాధారం కాదు. అధికారిక తేదీని ప్రజాస్మృతి ప్రశ్నించిన తీరుగా ఈ ఐతిహ్యాన్ని గ్రహించవలసి ఉంది.

3. ఆప్రవాసీ ఘాట్ - తారుమారైన క్రమం:
పోర్ట్ లూయీలోని ఆప్రవాసీ ఘాట్‌కు 2006లో ఈ గుర్తింపు లభించింది. దాని మెట్లు వలసకు ప్రతీకగా నిలిచాయి. 'అట్లాస్' నౌకలో 36 మంది భారతీయ కూలీలు దిగినది 1834 నవంబర్ 2న, అంటే రద్దుకు మూడు నెలల ముందు. బానిసలు విముక్తులు కాకముందే వారి స్థానంలో చౌకగా పనిచేసే శ్రామికులను తోటల యజమానులు సిద్ధం చేసుకున్నారన్నమాట. ఏటా ముందు ఫిబ్రవరి, తరువాత నవంబర్ ఉత్సవాలు రావడం వల్ల ఒక యుగం ముగిశాక మరొకటి మొదలైందన్న భావన కలుగుతుంది. చరిత్రలో అవి ఒకే చక్కెర ఆర్థిక వ్యవస్థకు రెండు పార్శ్వాలు.

బానిసత్వం ఆఫ్రికన్లది, కూలీతనం భారతీయులదన్న విభజన కూడా నిలవదు. ఫ్రెంచి పాలనలో మడగాస్కర్, మొజాంబిక్‌ల నుంచే కాక భారతదేశం నుంచి కూడా బానిసలను ఈ ద్వీపానికి తెచ్చారు.

4. తెలుగువారి స్మృతి:
ఒప్పంద కూలీలలో కోస్తా ప్రాంతపు తెలుగువారూ ఉన్నారు. మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవుదినం. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలకు ఆ దేశం వేదికైంది. భాషను, పండుగను నిలుపుకోవడం నిస్సందేహంగా గర్వకారణమే. కాని వలస చరిత్రను సంస్కృతీ పరిరక్షణ గాథగా మాత్రమే చెప్పుకుంటే, ఆ పూర్వికులు ఎవరి ఖాళీని పూరించడానికి తరలించబడ్డారన్న ప్రశ్న మిగిలిపోతుంది.

5. ముగింపు:
2011లో నివేదిక సమర్పించిన మారిషస్ సత్య, న్యాయ సంఘం బానిసత్వాన్ని, ఒప్పంద కూలీతనాన్ని కలిపి విచారించింది. స్మారకోత్సవాలు ఇంకా ఆ మార్గాన్ని పూర్తిగా అనుసరించలేదు. రెండు తేదీలను ఒకటి చేయనవసరం లేదు. ఒకదాని కథలో రెండవదానికి చోటివ్వడం అవసరం. తెలుగు వలస సాహిత్య పరిశోధన లె మోర్న్‌ను కూడా తన పరిధిలోకి తెచ్చుకున్నప్పుడే ఆప్రవాసీ ఘాట్ మెట్ల అర్థం సంపూర్ణమవుతుంది.