గట్టెక్కిన కురుసుర

పరీక్ష గట్టెక్కినదనియు, పిల్ల పెండ్లి గట్టెక్కినదనియు దినమునకు పదిమార్లు మనము వాడుకొను మాట, ఓడలపాలిట వాచ్యార్థమున నిజమగుట మిక్కిలి అరుదు; ఏలయన, సేవ చాలించిన యుద్ధనౌకకు లోకమున సామాన్యముగా దొరకు గతులు రెండే: తుక్కువర్తకుని చేతులలో ముక్కలగుటయో, తోడి నౌకల గురి అభ్యాసమునకు లక్ష్యమై సముద్రగర్భమునకు దిగుటయో. 1971 యుద్ధమున తూర్పు సముద్రమున పోరిన విక్రాంత్ విమానవాహకనౌక సైతము 1997లో విరమించి, ముంబయి రేవున కొన్నేండ్లు మ్యూజియమై నిలిచియు, పోషణభారము మోయువారు లేక 2014లో తుక్కుక్రింద అమ్ముడుపోయినది. ఆ మహానౌక ఉక్కు కొంత మోటారుసైకిళ్ళలో కరగి కలిసినది. ఆ యుద్ధకాలపుదేయైన కురుసుర జలాంతర్గామి మాత్రము విశాఖపట్టణమున, రామకృష్ణా బీచి ఇసుకమీద, అక్షరాల గట్టెక్కి కూర్చున్నది.

మన నౌకాదళపు నాలుగవ జలాంతర్గామియైన యిది 1969 డిసెంబరు 18న, నాడు సోవియట్ దేశమున నుండిన రీగా రేవున సేవకు అంకితమైనది. 1971లో అరేబియా సముద్రమున గస్తీ తిరిగినది. విడిభాగములు దొరకని రోజులలో దీని అంగములనే ఊడదీసి తోడి జలాంతర్గాములకు అమర్చి, వానిని బ్రదికించుకొనిన ఘట్టమును దీని చరిత్రలో కలదు; శిబిచక్రవర్తి కథ యెఱిగినవారికి ఆ స్థితి వేరుగ వర్ణింపనక్కరలేదు. 1980–82 నడుమ మరల సోవియట్ దేశమునకు పోయి మరమ్మతు పొంది, మొత్తముమీద 73,500 నాటికల్ మైళ్ళు తిరిగి, 2001 ఫిబ్రవరి 27న విరమించినది. పిదప దీనిని సముద్రముమీదుగ లాగితెచ్చి, కెరటము లందని చోటికి ఈడ్చి, కాంక్రీటు పునాదిపై నిలుపుటకు, దాదాపు 600 మీటర్ల ఆ తుది ప్రయాణమునకే, 18 మాసములును ఐదున్నర కోట్ల రూపాయలును పట్టినవి. 2002 ఆగస్టులో ప్రజలకు తలుపులు తెరచినారు.

నేను పోయినది మా చెల్లెలి మనుమడు పదేండ్లవానిని వెంటబెట్టుకొని. సందర్శకుల సౌకర్యమునకై నౌక ప్రక్కను కోసి ఏర్పరచిన ద్వారముగుండ మెట్లెక్కి లోనికి పోగానే, నౌకాదళమున పనిచేసి విరమించిన యొకాయన మా గుంపును అందుకొనెను. ఇచ్చట మార్గదర్శకులు ఇట్టివారే. మొదటి గది దాటి రెండవదానిలోనికి పోవు గుండ్రని ఉక్కు ద్వారముకడ, ఆయన హెచ్చరింపబోవునంతలోనే మావాని నుదురు ఠంగుమన్నది.

“ముందు కాలు బాబూ, తర్వాత తల. మనిషి మొత్తం ఒక్కసారే దూరిపోదామంటే ఇక్కడ కుదరదు” అని ఆయన నవ్వుచు వాని నుదురు నిమిరెను.

ఈ ద్వారమే ఈ మ్యూజియము విశేషమని నాకు తోచినది. పురావస్తుశాలలలో గాజుపెట్టెల యీవల నిలిచి కన్నులతో చూచిన చాలును. ఇందు నడుము వంపవలెను, భుజము ముడుచుకొనవలెను, చెమట కార్చవలెను. 91 మీటర్ల పొడవున ఏడు గదులుగ సాగిన యీ ఉక్కుగొట్టమున 75 మంది వారముల తరబడి యెట్లు మెలగిరో పుస్తకమున చదివినపుడు బుద్ధికి తెలియును. ఆ ద్వారమున దూరినపుడు వెన్నెముకకు తెలియును.

మొదటి గది టార్పెడోలది. ముందు ఆరు, వెనుక చివరిగదిలో నాలుగు గొట్టములు; మొత్తము 22 టార్పెడోలు. ఆ మారణాయుధముల సరసనే నావికుల పడకలు, రైలు బెర్తులకన్న ఇరుకైనవి. ఇది ఎవరి మంచమని మావాడు అడుగగా మార్గదర్శకుడు, “ఎవరిదీ కాదు బాబూ. డ్యూటీ దిగినోడిది” అనెను. ఒకడు లేచిన పడకలో వాని ఒంటివేడి ఆరకమునుపే మఱియొకడు పండుకొనును. మంచినీరు కొలతపై వాడుకొనవలసి యుండుటచేత స్నానమను మాట తీరము చేరువఱకు తలపెట్టరాదు. వంటగది చూచి మాతో వచ్చిన ఇల్లాలొకామె, “మా ఇంట్లో గూడు ఇంతకంటే పెద్దది” అని నిట్టూర్చినది.

రెండవ గదిలోను నాలుగవ గదిలోను పాదములక్రింద బ్యాటరీలున్నవి. నాలుగు వరుసలుగ 448 ఘటములు. నీటిక్రింద డీసెలు ఇంజనులకు గాలి యుండదు గనుక అచ్చట నౌక నడచుట ఈ బ్యాటరీల విద్యుత్తుచేతనే. అది తరిగినపుడు పైకి వచ్చియో, గాలిగొట్టము మాత్రము నీటిపైకి చాచియో, ఇంజనులు నడిపి మరల నింపుకొనవలెను. అట్లు నింపునపుడు ఘటములనుండి హైడ్రోజను వాయువు వెలువడును. గాలి ప్రసారము చాలక అది పోగుపడెనా, ఒక్క నిప్పురవ్వ చాలును. విక్రాంత్‌ను వెదకుచు వచ్చిన పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ 1971 డిసెంబరు 3–4 తేదీల నడిరేయి ఈ తీరమునకు ఎదుటనే మునిగినది. మన రాజపుత్ నౌక విడిచిన పేలుడు గుండ్లచేతనని మనవారును, లోపలి పేలుడుచేతనో తాము పరచిన మైనులచేతనో అని వారును నేటికిని వాదించుచున్నారు. బ్యాటరీలమీద ఐదు నిమిషములు నిలిచినవానికి ఈ వాదము ఏల తెగకున్నదో కొంత బోధపడును: జలాంతర్గామికి శత్రువు వెలుపల ఎంత చేరువనుండునో లోపలను అంత చేరువనే యుండును.

మూడవది నియంత్రణగది. గోడలనిండ చక్రములు, కవాటములు, ముళ్ళ గడియారములవంటి మాపకములు. మునుగుటయు తేలుటయు ఎట్లో ఇచ్చట చెప్పుదురు. కాని మన చెరువుగట్టుపై బిందె ముంచిన ప్రతి ఆడుబిడ్డకును ఆ శాస్త్రము తెలిసినదే. బోర్లించిన బిందె నీటిలో అణచినను అణగదు. కొంచెము ఓరగిల్లజేసితిమా, గాలి బుడబుడమని పోయి నీరు చొరబడి దిగును. నౌకకు రెండు చర్మములు. ఆ రెంటి నడుమ తొట్లున్నవి. తొట్ల నెత్తిమీది కవాటములు తెరచినచో గాలి పోయి సముద్రము లోనికి వచ్చును, నౌక దిగును. పైకి రావలెనన్న, సీసాలలో బిగించి దాచిన గాలిని ఆ తొట్లలోనికి వదలి నీటిని వెలికి తరుమవలెను. కావున ఆ గాలియే ప్రాణవాయువు, రెండర్థములను. ఈ గదిలో నిలిచినపుడు మఱియొక నౌక తలపునకు వచ్చును: 1962 అక్టోబరులో క్యూబా సంక్షోభమున, కురుసుర తరగతిదేయైన బి–59 అను సోవియట్ జలాంతర్గామిలో, అమెరికా నౌకల పేలుళ్ళ నడుమ అణుటార్పెడో ప్రయోగింపవలెనన్న ఆలోచన పుట్టగా, అర్ఖిపోవ్ అను అధికారి వలదని నిలిపెను. ఆ నిర్ణయము జరిగినది ఇంతటి ఇరుకులోనే, ఇంతకు పదిమడుగుల ఉక్కలోనే.

అచ్చటచ్చట నావికుల బొమ్మలను నిలిపినారు. నా మట్టుకు అవి లేకున్నను లోటుండదు. పక్కనే సజీవుడైన నావికుడు మాటలాడుచుండగా బొమ్మ యెందులకు?

అయిదవ గదిలో మూడు డీసెలు ఇంజనులు, ఒక్కొక్కటి 2000 అశ్వశక్తి గలది. ఇచ్చట మార్గదర్శకుడు ఉక్కుగోడపై చేయి వేసి, “మాస్టారూ, లోపల ఇన్నేళ్ళు నీళ్ళు రాకుండా చూశాం. ఇప్పుడు ఉప్పుగాలి రాకుండా చూడలేకపోతున్నాం” అనెను. ఆ మాట నన్ను చాలసేపు వదలలేదు. గట్టెక్కిన నౌకకు గండము గడచినట్లు కాదు. బ్రిటిషు నౌకాదళపు మొదటి జలాంతర్గామి హాలండ్–1 తుక్కుక్రింద అమ్ముడై, 1913లో లాగుకొనిపోవుచుండగా తుపానున మునిగి, దాదాపు ఏడు దశాబ్దముల పిమ్మట, 1982లో పైకి తీయబడినది. తీసి రంగు పూసినంతనే సరిపోవునని తలచిరి. ఇనుములో ఇంకిన ఉప్పు లోలోపలనే దానిని తినివేయసాగినది. తుదకు 1995లో నౌకనంతను తొట్టిలో పెట్టి, మన చాకలివారు వాడు సోడాయే అయిన సోడియం కార్బొనేటు ద్రావణమున నాలుగేండ్లు నానవేసి ఉప్పును లాగివేసిరి. ఇప్పుడది గాస్పోర్టున, తేమ లేని గదిలో సురక్షితముగ నున్నది. 1944లో అమెరికా పట్టుకొనిన జర్మను జలాంతర్గామి యు–505ను షికాగో మ్యూజియమువారు 1954లో తెచ్చి ఆరుబయట నిలుపగా, అర్ధశతాబ్దపు ఎండవానలకు అది శిథిలమగుచుండుట కనిపెట్టి, భూమిక్రింద మందిరము కట్టి 2004లో అందులోనికి దింపిరి. మన కురుసురకు నెత్తిన నీడ లేదు. ఇసుకకు అవతల సముద్రమే. రంగుడబ్బాను నమ్ముకొని యెంతకాలమని అడుగవలసిన ప్రశ్నను, బాటకు ఆవల 2017లో టి.యు–142 విమానమును నిలిపి కొత్త మ్యూజియము తెరచిన ఉత్సాహమున మనము మరువరాదు.

ఉక్కును సోడాతో కాపాడవచ్చును. ఆ నాలుగు మాటలు చెప్పు మనుష్యుని కాపాడు ద్రావణము లేదు. ఈ తరగతి నౌకలలో బ్రదికిన తరము ముదిసిపోవుచున్నది. ఏ చక్రము త్రిప్పిన ఏమి జరుగునో ఫలకముపై వ్రాయవచ్చును. ఏ చప్పుడు వినిన గుండె జారునో వ్రాసినను చదువువానికి వినబడదు. జలాంతర్గాముల విద్య నేర్పు బడి శాతవాహన ఈ ఊరనే యున్నది; ఓడ ముద్రించిన నాణెములు చలామణి చేసిన రాజుల పేరు పెట్టుకొనిన బడి. ఆ బడివారు ఈ వృద్ధులను కూర్చుండబెట్టి, గది గదికి వారి మాటలను ధ్వనిముద్రణ చేసి దాచినచో, ఆ పని ఐదున్నర కోట్ల ఖర్చు పెట్టించు పనియు కాదు.

ఇట్లు తలపోయుచు మోటారుల గది దాటి చివరిగది ద్వారముకడకు వచ్చితిమి. మావాడు ఎవరును చెప్పకయే ఒక కాలు ఆవల పెట్టి, నడుము వంచి, తల చివర ఈడ్చుకొని, ఆరితేరిన నావికునివలె సునాయాసముగ జారిపోయెను. వాని నేర్పును మెచ్చుకొనుచు నేను తలయెత్తితిని. మఱుక్షణమున ఠంగుమన్న చప్పుడు ఈమారు నా నుదుటినుండి వచ్చినది.

“ముందు కాలు తాతయ్యా” అని లోపలినుండి వాడు కేక వేసెను.