ప్రశ్న అడిగేవాడి పుస్తకం

అవధానాన్ని జ్ఞాపకశక్తి గారడీ అని కొట్టిపారేయటం అభ్యుదయ విమర్శలో చాలాకాలంగా అలవాటుగా వస్తున్నది. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే గారడీ అన్న ఒక్క మాటతో విమర్శ పని ముగిసిందనుకోవటం సోమరితనం. నలుగురి నడుమ ఒక మనిషిని కూర్చోబెట్టి, ప్రశ్న మీద ప్రశ్న వేసి, నీకేమి తెలుసునో చెప్పమని అడిగే ఆచారం ఏ సమాజంలో ఉన్నా, ఆ సమాజం దేనిని జ్ఞానంగా ఒప్పుకుంటున్నదో, దేనిని ఒప్పుకోవటం లేదో దాని ద్వారా బయటపడుతుంది. అటువంటి ఆచారాలు రెంటిని ఇక్కడ పక్కపక్కన పెట్టి చూడదలిచాను. ఒకటి మా ప్రొద్దుటూరు ప్రాంతానికి చిరపరిచితమైన అవధానం. రెండవది బ్రిటన్‌లో 1972లో బి.బి.సి. టెలివిజన్ మొదలుపెట్టిన ‘మాస్టర్ మైండ్’ అనే ప్రశ్నల పోటీ. ఈ రెంటికీ పొత్తు ఏమిటని పాఠకులు అడగవచ్చు. చదవగా తేలుతుంది.

‘మాస్టర్ మైండ్’ స్వరూపం చాలా క్లుప్తమైనది. చీకటి గది, నడుమ నల్లటి తోలు కుర్చీ, దాని మీద మాత్రమే దీపం వెలుగు. పోటీకి వచ్చిన మనిషి ఆ కుర్చీలో కూర్చొని ముందుగా తన పేరు, తన వృత్తి, తాను ఎన్నుకొన్న ప్రత్యేక విషయం చెప్పాలి. ఆ విషయం మీద రెండు నిమిషాలపాటు ప్రశ్నలు కురుస్తాయి. తరువాతి విడతలో జనరల్ నాలెడ్జి. తెలియనప్పుడు ‘పాస్’ అని తప్పుకోవచ్చు. గెలిచినవాడికి దక్కేది ఒక గాజు పాత్ర, డబ్బు లేదు. దీని రూపకర్త బిల్ రైట్ రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసి జర్మన్లకు ఖైదీగా చిక్కినవాడు. గెస్టాపో వాళ్ళు దీపం ముందు కూర్చోబెట్టి పేరు, హోదా, సంఖ్య చెప్పమన్న ఆ అనుభవమే, కొన్ని దశాబ్దాల తరువాత పేరు, వృత్తి, విషయం అయి టెలివిజన్‌కు ఎక్కింది. ఫాసిస్టుల విచారణ గది వినోదంగా మారటంలో ఒక విడ్డూరం ఉన్నది. కాని ఆ గదిలో మనిషిని లొంగదీయటానికి వేసిన ప్రశ్న, ఇక్కడ మనిషికి ఇష్టమైన దానిని గురించి వేసే ప్రశ్న అయింది. అంత మార్పు చిన్నదేమీ కాదు.

అవధాన సభలో చీకటి ఉండదు. పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. నిషిద్ధాక్షరి వేసేవాడు అక్షరం అక్షరానికీ అడ్డు తగులుతాడు. దత్తపది ఇచ్చేవాడు రామాయణ కథలో ఇమడని నాలుగు మాటలిచ్చి రామాయణార్థంలోనే పద్యం చెప్పమంటాడు. సమస్య ఇచ్చేవాడు అర్థం పెడదారి పట్టిన పాదాన్ని చేతిలో పెడతాడు. ఇంతలో గంట మోగుతుంది, లెక్క తప్పరాదు. అప్రస్తుత ప్రసంగి నడుమ దూరి పరిహాసాలాడతాడు, అతనికి సమాధానం చెప్పకుండా తప్పించుకోరాదు. చివరకు ధారణ: చెప్పిన పద్యాలన్నీ వరుసగా మళ్ళీ అప్పగించాలి. ఇక్కడ విషయం ఎన్నుకొనే హక్కు అవధానికి లేదు. ‘పాస్’ అనే మాట లేదు. అయితే ‘మాస్టర్ మైండ్’ కుర్చీలోని మనిషి తెలిసినదానిని తిరిగి చెబుతాడు. అవధాని అంతవరకు లేనిదానిని ఆ క్షణంలో తయారు చేస్తాడు. తయారైన దానిలో కవిత్వం పాలు ఎంత అన్నది వేరే తగాదా. తిరుపతి వేంకట కవులు ఈ విద్యను తెలుగుదేశమంతటా తిప్పి, రాజుల కొలువులలోకీ పట్టణ సభలలోకీ తెచ్చినప్పుడు జనం ఎగబడి విన్నారంటే, ఆ వేగంలో ఒక మానవ సామర్థ్యపు ఆనందం ఉన్నదన్న సంగతి కాదనలేము. మా ప్రొద్దుటూరు గడియారం వేంకట శేషశాస్త్రి, దుర్భాక రాజశేఖర శతావధాని అవధానాలు చేసినవారే అయినా, వారి పేర్లు నిలిచినది అవధాన పద్యాల వల్ల కాదు. తీరికగా కూర్చొని రాసిన ‘శివభారతము’, ‘రాణాప్రతాపసింహ చరిత్ర’ అనే కావ్యాల వల్ల. అదే ఊరివారైన సి.వి. సుబ్బన్న శతావధాని అవధాన విద్య మీదనే పరిశోధన చేసి గ్రంథం రాశారు.

ఇక కుర్చీలో కూర్చొనటానికి ఎవరికి వీలున్నది అన్న ప్రశ్న. ‘మాస్టర్ మైండ్’ మొదటి మూడేళ్ళూ, అంటే 1972 నుంచి 1974 వరకు, గెలిచినవారు ముగ్గురూ స్త్రీలే. 1980లో గెలిచిన ఫ్రెడ్ హౌస్‌గో లండన్ టాక్సీ డ్రైవరు. 1983లో గెలిచిన క్రిస్టఫర్ హ్యూస్ లండన్ భూగర్భ రైలు నడిపే డ్రైవరు. మొదటి రోజులలో ఈ పోటీ విశ్వవిద్యాలయ భవనాలలో జరిగేదన్న సంగతి గుర్తుంచుకుంటే, ఆ మందిరాలలో ఒక టాక్సీ డ్రైవరు పట్టభద్రులను దాటి ముందుకు పోయిన దృశ్యం విలువ తెలుస్తుంది. అవధాన వేదిక విషయంలో మన చరిత్ర ఇంత సుఖంగా లేదు. ఛందస్సూ వ్యాకరణమూ సంస్కృతమూ నేర్పే గురువు ఇంటి గుమ్మం అందరికీ ఒకేలా తెరుచుకోలేదు. అక్కడ వృత్తి ఏమిటని అడగలేదు. అడగకుండానే కులం తెలిసిపోయేది. అనంతపురం జిల్లాలో దళిత కుటుంబంలో పుట్టిన ఆశావాది ప్రకాశరావు ఆ గుమ్మం దాటి అవధాని అయ్యారు, కళాశాలలో తెలుగు చెప్పారు, 2021లో పద్మశ్రీ పొందారు, 2022లో మరణించారు. మా ప్రాంతంలో నరాల రామారెడ్డి అవధానిగా పేరు పొందారు. వీరి సాధనను చులకన చేయటం నా ఉద్దేశం కాదు. అయితే వేదిక ఎక్కిన తరువాత వారు కూడా ఆ వేదిక అడిగిన ప్రశ్నలకే సమాధానం చెప్పవలసి వచ్చింది. మనిషి మారాడు, ప్రశ్నల చిట్టా మారలేదు.

ఇదే సంగతి ‘మాస్టర్ మైండ్’లో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. లండన్‌లో టాక్సీ నడిపే అనుమతి కావాలంటే నగరం నడిబొడ్డు చుట్టూ ఆరు మైళ్ళ మేర ఉన్న ఇరవై ఐదు వేల వీధులు నోటికి రావాలి. 1865 నుంచి ఈ పరీక్ష ఉన్నది. మూడు నాలుగేళ్ళు చదివితే గాని ఇందులో గట్టెక్కరు. డ్రైవర్లు దానికి పెట్టుకున్న పేరే ‘జ్ఞానం’. అంతటి జ్ఞానం తలలో పెట్టుకున్న హౌస్‌గో పోటీలో ఏ విషయం ఎన్నుకొన్నాడు? రాజు రెండవ హెన్రీ, వెస్ట్‌మినిస్టర్ ఆబీ, చివరి పోటీలో లండన్ కోట. తాను ప్రయాణికులను దింపి వచ్చే భవనాల చరిత్రే గాని, తాను నడిచే దారి కాదు. హ్యూస్ తన వృత్తికి కొంత దగ్గరగా వచ్చి, బ్రిటిష్ ఆవిరి రైలు ఇంజన్లను ఎన్నుకొన్నాడు. కాని అతడు నడిపింది కరెంటు రైలు. ఆవిరి ఇంజను పట్టాల మీదనుంచి దిగి, చరిత్ర పుస్తకంలోకి ఎక్కిన తరువాతే పోటీకి పనికివచ్చే విషయం అయింది.

ఆ కార్యక్రమం వాళ్ళు తిరస్కరించిన విషయాలు కూడా కొన్ని ప్రసిద్ధికెక్కాయి. వాటిలో ఒకటి: లెచ్‌వర్త్ అనే పట్టణం నుంచి బ్రిటన్ ప్రధాన భూభాగంలో ఏ ఊరికైనా పోయే రోడ్డు మార్గాలు. మరొకటి: తుంటి కీలు మార్పిడిలో ఎముకలకు వాడే సిమెంటు. వీటిని చెప్పుకొని అక్కడివాళ్ళు నవ్వుకుంటారు. నాకు మాత్రం మొదటిదాని మీద నవ్వు రాలేదు. ట్యూడర్ రాజుల భార్యల పేర్లు తెలియటం విద్య, లెచ్‌వర్త్ నుంచి దారులు తెలియటం వేడుక అని నిర్ణయించినది ఎవరు? ఆ దారులు తెలిసిన మనిషికి తెలిసినంత, ప్రశ్నలు రాసేవాడికి తెలియదు. చూసి రాసుకొనటానికి ఒక పుస్తకమూ లేదు. ప్రశ్న అడగాలంటే అడిగేవాడి చేతిలో పుస్తకం ఉండాలి. పుస్తకం లేని చోట జ్ఞానం ఉన్నా, దానిని ప్రశ్నించే మార్గం లేదు గనుక, అది లేనట్టే లెక్క. ఈ పోటీ శ్రమజీవిని లోపలికి రానిచ్చింది, శ్రమను గడప బయట నిలిపింది.

ఇదంతా దూరదేశపు సంగతిగా చెప్పి ఊరుకొనే అర్హత నాకు లేదు. కొన్నేళ్ళ కిందట నేను పనిచేసే కళాశాలలో ఇదే పద్ధతిలో ఒక పోటీ పెట్టించాను. నల్ల కుర్చీ దొరక్క ప్రిన్సిపాలుగారి గదిలోని కుర్చీ తెచ్చి వేశాము. తలా ఒక విషయం రాసి ఇవ్వమంటే, విద్యార్థులు రాయలసీమ కోటలనీ, శ్రీశ్రీ అనీ, క్రికెట్ అనీ రాసి ఇచ్చారు. తొండూరు పక్క పల్లె నుంచి వచ్చే ఒక పిల్లవాడు మాత్రం ‘మా ఊరి బోర్లు’ అని రాశాడు. పిలిచి అడిగాను. ఎవరి చేలో ఎన్ని బోర్లు వేశారు, ఎన్ని అడుగులకు నీళ్ళు పడ్డాయి, ఎన్ని ఇంచులు, ఏ ఏడు ఎండిపోయింది, ఎక్కడ దుమ్ము లేచింది, అరచేతిలో టెంకాయ పెట్టుకొని నీళ్ళు చూసేటాయన చెప్పింది ఎన్నిసార్లు నిజమైంది, అంతా తెలుసునన్నాడు. నేను నవ్వాను. “దీని మీద ప్రశ్నలు ఎవరు తయారు చేస్తారు? నువ్వు చెప్పింది రైటో తప్పో మాకెట్లా తెలిసేది?” అని కాగితం మీద కొట్టివేసి, ‘శ్రీకృష్ణదేవరాయలు’ అని రాయించాను. పది రోజులు చదువుకొని వచ్చి, బాగానే చెప్పి, రెండవ బహుమతి తీసుకున్నాడు. నేను చప్పట్లు కొట్టాను. లెచ్‌వర్త్ సంగతి చదివినది ఆ తరువాత రెండేళ్ళకు.

మన టెలివిజన్ పోటీల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 1998లో సిద్ధార్థ బసు నడిపిన ‘మాస్టర్ మైండ్ ఇండియా’ ఇంగ్లీషులో సాగింది గనుక, ప్రశ్నకు ముందే భాష జల్లెడ పట్టింది. 2014లో నాగార్జునతో మా టీవీలో వచ్చిన ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ తెలుగులో మాట్లాడింది. కాని అక్కడ ఎన్నుకొన్న విషయమంటూ లేదు. వచ్చిన మనిషికి ఏది ఇష్టమో, దేనిని ఏళ్ళ తరబడి పట్టుకొని నేర్చుకొన్నాడో ఆ పోటీకి అక్కరలేదు. నాలుగు జవాబులలో ఒకటి తాకితే లక్షలు. అతని కష్టాలు కథగా చెప్పించుకుంటారు, కన్నీళ్ళు చూపిస్తారు. అతని తెలివిని మాత్రం సినిమా పాటల మీదా రాజధానుల పేర్ల మీదా పరీక్షిస్తారు. దీనికంటే గాజు పాత్ర కోసం రెండు నిమిషాలు చెమటలు పట్టిన టాక్సీ డ్రైవరు వెయ్యి రెట్లు మర్యాదగా కనిపిస్తాడు. అతనికి ఇష్టమైనదేదో అతనినే చెప్పనిచ్చారు కదా, ఎంత జల్లెడ పట్టినా.

అవధానంలో రైతు లేకపోలేదు. వర్ణన అంశంలో వర్షం గురించి, కరువు గురించి, నాగలి గురించి అడిగిన పృచ్ఛకులున్నారు. అవధాని చక్కని పద్యం చెబుతాడు, సభ హర్షిస్తుంది. ఆ పద్యంలో మేఘం ఉంటుంది, కర్షకుడి కన్నీరు ఉంటుంది. ఆరువందల అడుగుల లోతున రాయి తగిలితే ఏమి చేయాలో ఉండదు. పద్యం ఆ పని చేయాలని నేననటం లేదు. అయితే రైతు ఎప్పుడూ వర్ణించబడేవాడే గాని, అడిగితే చెప్పగలవాడు కాకుండా పోవటం గురించి మనం, అంటే సాహిత్యం చదువుకొని జీతం తీసుకొనేవాళ్ళం, ఒక్కసారైనా సిగ్గుపడవలసి ఉన్నది.

ఆ పిల్లవాడి ఊరికి పోయిన వేసవిలో వెళ్ళాను. డిగ్రీ అయిపోయి ఇంటిదగ్గరే ఉన్నాడు. చీనీచెట్లు సగం కొట్టేసి, ఆ చేలో శనగ వేస్తున్నారట. వసారాలో మంచం వాల్చి కూర్చోబెట్టారు. నోటుపుస్తకం తీసి, నాడు కొట్టేసిన విషయం మీద ఇప్పుడు ప్రశ్నలు అడుగుతానన్నాను. “ఇప్పుడెందుకులే సార్” అన్నాడు గాని, మొదలుపెట్టిన తరువాత ఆగలేదు. ఒక్కొక్క చేను, ఒక్కొక్క బోరు, అడుగులు, ఇంచులు. నేను రాసుకుంటున్నాను. సరి అనటానికి గాని తప్పు అనటానికి గాని నా దగ్గర ఏమీ లేదు. ఒక ప్రశ్నకు మాత్రం అతడు తడబడ్డాడు. తమ పైచేను మూడో బోరు 680 అడుగులని చెప్పి, కాదేమోనని ఆగాడు.

గోడ వారన కూర్చొని బీడీ కాలుస్తున్న తండ్రి తల తిప్పకుండానే అందుకున్నాడు. “అది మూడోది కాదు రా, నాలుగోది. మూడోది మీ అవ్వ పోయిన సంవచ్చరం ఏసింది. దాంట్లో దుమ్మే లేసింది. అది కూడా రాసుకోండి సార్.”