ముందు ఎదుటివాడి మాట

తత్త్వశాస్త్రంలో సిద్ధాంత వ్యాసం రాసేవాళ్లంటే నాకు గౌరవం. ల్యాబు లేదు, సర్వే లేదు. ఒక్కోసారి ఒక్క ‘కాబట్టి’ నిలబడటానికే నెల పడుతుంది. పనితనం తేలేది మాత్రం పూర్వపక్షంలో: ప్రత్యర్థి వాదాన్ని అతనికన్నా గట్టిగా రాసి, ఆ తర్వాతే జవాబుకు దిగాలి.

మాచర్ల దగ్గరి నాగార్జునకొండ ఏ ఆచార్యుడి పేరు మోస్తోందో, ఆయన ‘విగ్రహవ్యావర్తని’ చూడండి. 70 కారికల్లో మొదటి 20 ఆక్షేపణలే. అన్నీ శూన్యమైతే నీ మాటా శూన్యమే, అది దేన్ని ఖండిస్తుందని మొదట్లోనే నిలదీత! తన మీద తనే అంత పదునైన ప్రశ్న వేసుకోవడానికి గుండె కావాలి.

మన నరసరావుపేట, గురజాల పిల్లలెవరైనా రాసిన అధ్యాయాన్నే మళ్లీ రాస్తుంటే, ‘ఇంకా అవలేదా?’ అని మాత్రం అడక్కండి.