ఏ కోలన్ దగ్గర కొయ్యాలి?

సికింద్రాబాద్‌కీ రైలు టికెట్ల సాఫ్ట్‌వేర్‌కీ పాత చుట్టరికమే ఉంది. రైల్వేల సొంత సంస్థ క్రిస్ రాసిన ‘కన్సర్ట్’ రిజర్వేషన్ వ్యవస్థ 1994లో మొదట పనిలోకి దిగింది ఇక్కడే. 1999కల్లా ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు ఐదూ ఒకే నెట్‌వర్క్‌లోకి వచ్చాయి. 2002లో ఐఆర్‌సీటీసీ వెబ్‌లో టికెట్లు అమ్మడం మొదలుపెట్టింది. తర్వాత్తర్వాత టికెట్ వివరాలన్నీ ఒక్క ఎస్సెమ్మెస్‌లో సర్ది పంపడమూ వచ్చింది. దాని వరస ఇంచుమించు ఇలా ఉండేది (వివరాలు కల్పితం, అక్షరాలు మాత్రం తెలుగులోకి మార్చాను):

పీఎన్ఆర్:1234567890,ట్రైన్:12728,డీఓజే:12-01-16,ఎస్ఎల్,ఎస్‌సీ-వీఎస్‌కేపీ,డెప్:17:40,రావు+1,ఎస్5 23,24

సంక్రాంతికి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో విశాఖ వెళ్తున్న రావుగారికి ఇది ఒక్క చూపులో అర్థమైపోతుంది. వెబ్ ప్రోగ్రాముకి మాత్రం ఇదొక అక్షరాల గొలుసు, అంతే. దీన్ని ‘పేరు, విలువ’ జంటల అరేగా, అంటే గడుల వరసగా, మార్చితేనే బండి నంబరు ఒక గడిలోనూ తేదీ మరో గడిలోనూ పడతాయి.

వెబ్ ప్రోగ్రాములు రాసే పీహెచ్‌పీ భాషలో ఇలా ముక్కలు కొయ్యడానికి ఎక్స్‌ప్లోడ్ అనే ఫంక్షన్ ఉంది. ఏ గుర్తు దగ్గర కొయ్యాలో, దేన్ని కొయ్యాలో చెబితే ముక్కల అరే చేతికిస్తుంది. ముందు కామాల దగ్గర ఒక కోత, ఆ ముక్కల్లో కోలన్ దగ్గర రెండో కోత. కానీ కనపడ్డ కోలన్‌నల్లా పనసపొట్టు కొట్టినట్టు కొట్టేస్తే ‘డెప్:17:40’ మూడు ముక్కలవుతుంది. డెప్ అన్న పేరుకి 17 మిగులుతుంది, 40 నిమిషాలు గాలికి పోతాయి. ప్రోగ్రాము ఆగదు, తప్పు జరిగిందని చెప్పదు. దీనికి విరుగుడు ఎక్స్‌ప్లోడ్‌కి ఇచ్చే మూడో విలువలో ఉంది. అక్కడ 2 అని రాస్తే మొదటి కోలన్ దగ్గరే కోసి, మిగతాదంతా రెండో ముక్కలో ఉన్నదున్నట్టు ఉంచుతుంది. ఒక్క అంకెతో 17:40 దక్కుతుంది.

అసలు చిక్కు పేరు లేని ముక్కలతో వస్తుంది. ‘ఎస్ఎల్’లో కోలన్ లేదు, కోస్తే ఒకటే ముక్క. రెండో ముక్క ఏదని అడిగితే పీహెచ్‌పీ హెచ్చరిక ఇచ్చి, శూన్యం చేతిలో పెడుతుంది. పనితనం తెలిసినవాళ్లు అడిగే ముందు ముక్కలు లెక్కపెడతారు. ఒకటే ఉంటే, అది ఎవరి పక్కన కూర్చుందో చూస్తారు. డీఓజే వెనకాల వచ్చింది క్లాసు, దాని వెనక గీతతో కలిసిన జంట ఎక్కే, దిగే స్టేషన్లు. నాలుగోది, అయిదోది అని మొదటినుంచి లెక్కపెట్టడం కంటే ఇలా పేరున్న ముక్కని ఆనవాలుగా పట్టుకోవడమే నాకు నచ్చుతుంది. ముందు ఎక్కడో ఒక గడి అదనంగా చేరినా ఈ లెక్క చెడదు.

చివర్లో ‘23,24’ ఉంది. ఇక్కడి కామా కోతకి పెట్టింది కాదు, రెండు సీట్ల మధ్యది. మొదటి కోతలోనే 24 ఒంటరిగా తెగి పడుతుంది. కాబట్టి బోగీ ముక్క తర్వాత ఉత్త అంకెలే ఉన్న ముక్క వస్తే దాన్ని వెనక్కి అతకాలి. ఆ అతుకు సరిగ్గా పడిందో లేదో తేల్చే సాక్ష్యం కూడా సందేశంలోనే ఉంది. ‘రావు+1’ అంటే ప్రయాణికులు ఇద్దరు, కాబట్టి బెర్తులూ రెండు తేలాలి.

బండి నంబరుతో ఇంకో సూక్ష్మం. దక్షిణ మధ్య రైల్వే ప్రత్యేక రైళ్ల నంబర్లు 07తో మొదలవుతాయి. అంకెలే కదా అని పూర్ణాంకంగా మారిస్తే ముందున్న సున్నా రాలిపోయి, నాలుగంకెల బండి మిగులుతుంది. దాన్ని అక్షరాల గొలుసుగానే ఉంచాలి. దాన్నే అరేలో పేరుగా వాడితే మరో వింత: ‘12728’ని పీహెచ్‌పీ తనంతట తానే పూర్ణాంకం చేసేస్తుంది, సున్నాతో మొదలయ్యేదాన్ని మాత్రం ముట్టుకోదు.

2016లో మొదలైన యూపీఐ లింకు ఈ తలనొప్పులకి ముందే మందు వేసుకుని వచ్చింది. టీకొట్టు గల్లా దగ్గర అంటించిన క్యూఆర్‌లో ఉండేదీ పేరు, విలువ జంటలే. పేరుకీ విలువకీ మధ్య =, జంటకీ జంటకీ మధ్య &. మరి కొట్టు పేరే ‘రావు & సన్స్’ అయితే? ఆ & గుర్తుని %26గా మార్చి రాస్తారు. విప్పేటప్పుడు ముందు కొయ్యాలి, తర్వాతే %26ని మళ్లీ &గా మార్చాలి. వరస తిరగబడితే కొట్టు పేరు రెండుగా తెగుతుంది. పీహెచ్‌పీలోని పార్స్_స్ట్ర్ ఈ రెండు పనులూ సరైన వరసలోనే చేస్తుంది. ఒకే పేరు రెండుసార్లు వస్తే చివరి విలువనే ఉంచుతుంది. రెండూ కావాలంటే పేరు చివర [] తగిలిస్తే చాలు, రెంటినీ చిన్న అరేగా పేర్చి ఇస్తుంది. రావుగారి సీట్లు సీటు[]=23&సీటు[]=24 అని వచ్చి ఉంటే ఆ అతుకు పనే ఉండేది కాదు.